బ్రెడ్డు చేద్దాం రా, చెల్లీ

"అక్కా, ఇంట్లో బ్రెడ్డు చేసుకోవాలంటే ఏ ఓవెన్ కొనాలి?" అనే అడుగుతారు అందరూ. ఓవెన్ సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు ఒక మాట చెప్పు. నీకు ఇడ్లీ పిండి పులియబెట్టడం వచ్చు కదా? వేసవిలో అయితే రాత్రి పొద్దుపోయాక రుబ్బి, తెల్లారగానే లేచి చూసుకుంటావు. చలికాలంలో సాయంత్రమే రుబ్బేసి, గిన్నెకి పాత దుప్పటి చుట్టి స్టవ్ పక్కన పెడతావు. ఎన్ని గంటలు పులవాలి అని ఎవరైనా అడిగితే "పొంగేదాకా" అంటావు తప్ప గంటలు చెప్పవు. అలాగైతే బ్రెడ్డు విద్యలో సగం నీ చేతిలో ఉన్నట్టే. ఆ సంగతి నీకు తెలీదు, అంతే.

ఎందుకంటున్నానో విను. కొత్తగా బ్రెడ్డు మొదలుపెట్టేవాళ్ళు ఫోన్‌లో ఒక వీడియో పెట్టుకుంటారు. అందులో ఆవిడ "గంటన్నర పక్కన పెట్టండి" అంటుంది. వీళ్ళు గంటన్నరకి అలారం పెట్టుకుంటారు. ఆవిడ ఏ లండన్‌లోనో, చికాగోలోనో ఉంటుంది. ఆవిడ వంటింట్లో 20, 21 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం విజయవాడలో మన వంటిల్లు 38 డిగ్రీలు దాటి ఉంటుంది, పక్కన స్టవ్ మీద పులుసు మరుగుతూ ఉంటే ఇంకా ఎక్కువ. ఆ వేడికి పిండి ముప్పావుగంటకే పొంగి, గంటన్నర అయ్యేసరికి పొంగు చచ్చి, పుల్లగా కల్లువాసన కొడుతూ ఉంటుంది. ఓవెన్‌లో పెడితే పైకి లేవకపోగా నడుమ గుంట పడుతుంది. "నా చేతికి బ్రెడ్డు రాదు" అని అక్కడితో ఆపేస్తారు. చెయ్యి మంచిదే, అలారమే తప్పు. అమెరికాలో ఉన్న చెల్లెళ్ళకి దీనికి సరిగ్గా ఎదురు కష్టం. జనవరిలో ఇల్లు 19 డిగ్రీలుంటే పిండి కదలదు, మెదలదు. వాళ్ళు ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి, గిన్నె అందులో పెట్టుకుంటే సరిపోతుంది.

ఈస్ట్ పేరు చెప్తే భయపడేవాళ్ళున్నారు, అదేదో మందులా చూస్తారు. మందు కాదమ్మా, ప్రాణమున్న జీవి. కంటికి కనపడని ఒంటికణపు శిలీంధ్రం. పిండిలోని చక్కెరని తిని కార్బన్ డయాక్సైడ్‌నీ, కాస్త ఆల్కహాల్‌నీ వదుల్తుంది. పిండి పొంగేది ఆ గాలికే. కల్లు, సారా పులిసేది ఇలాంటి జీవుల వల్లేనని లూయీ పాశ్చర్ 1857లో మొదలుపెట్టి రుజువులు చూపేదాకా పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఒప్పుకోలేదు. మన కల్లుకుండలోనూ ఈ జాతి ఈస్టే పనిచేస్తుంది. గోవాలో రొట్టెలు కాల్చే పొదేర్లు తరతరాలుగా కొబ్బరికల్లు పోసే పిండి పులియబెట్టారు. తాటికల్లు, ఈతకల్లు ఇంతున్న మన ఊళ్ళలో ఆ పని ఎవరూ చేయలేదేం అనుకుంటాను ఒక్కోసారి. చేయరు మరి, మనది వరన్నం దేశం, గోవావాళ్ళకి రొట్టె నేర్పింది పోర్చుగీసువాళ్ళు.

బజార్లో ఈస్ట్ రెండు రకాలు దొరుకుతుంది. యాక్టివ్ డ్రై అని ఒకటి. పలుకులు కాస్త లావుగా ఉంటాయి. దాన్ని చిటికెడు పంచదార వేసిన గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు వదిలితే పైన నురగ కడుతుంది. నురగ రాకపోతే అది చచ్చిన సరుకు, పారెయ్. రెండోది ఇన్‌స్టంట్. సన్నగా ఉంటుంది, నేరుగా పిండిలో కలిపేయొచ్చు. కొత్తలో నువ్వు ఇదే కొనుక్కో. నీళ్ళు మాత్రం వేడిగా పోయకు. 55, 60 డిగ్రీల దగ్గర ఈస్ట్ చచ్చిపోతుంది. వేలు పెడితే వెచ్చదనం తెలిసీ తెలియనట్టు ఉండాలి. ఎండాకాలమైతే ఆ గోరువెచ్చన కూడా వద్దు, కుండనీళ్ళు పోసుకో. విప్పిన ప్యాకెట్టుని గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టు. స్టవ్ మీది అరలో వదిలేస్తే ఆ వేడికి నెలా రెండు నెలల్లో నీరసపడిపోతుంది.

ఇక పిండి. ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే "మైదా ఎందుకక్కా, గోధుమపిండితో చేస్తే ఆరోగ్యం కదా" అని నువ్వు అడగబోతున్నావని తెలుసు.

గాలి పుడితే సరిపోదు, దాన్ని పట్టి ఉంచేది ఒకటి కావాలి. ఇడ్లీలో ఆ పని మినప్పప్పు చేస్తుంది. బ్రెడ్డులో గ్లూటెన్ చేస్తుంది. గోధుమలో గ్లూటెనిన్, గ్లియాడిన్ అని రెండు ప్రోటీన్లున్నాయి. నీళ్ళు తగిలి, చెయ్యి పడితే ఆ రెండూ కలిసి సాగే వలలా అల్లుకుంటాయి. ఈస్ట్ వదిలిన గాలి ఆ వలలో చిక్కుకుని ఉండిపోతుంది. జొన్నలో, రాగిలో, బియ్యంలో ఈ వల లేదు. జొన్నరొట్టెకి మరిగే నీళ్ళు పోసి ఎందుకు కలుపుతాం? వేడికి పిండిలోని స్టార్చ్ ఉబ్బి జిగురొస్తుంది, ఆ జిగురుతోనే రొట్టె తడుతుంటే విరక్కుండా నిలుస్తుంది. ఆ జిగురు రొట్టెని నిలబెడుతుంది గానీ గాలిని మొయ్యలేదు. జొన్నపిండిలో ఎంత ఈస్ట్ పోసినా అది బ్రెడ్డు కాదు.

గోధుమపిండిలో గ్లూటెన్ ఉంది కదా అంటావు. ఉంది, పైగా ప్యాకెట్ మీద ప్రోటీన్ అంకె మైదా కన్నా ఎక్కువే కనిపిస్తుంది. ఆ అంకె చూసి మోసపోకు. అందులో తవుడు ఉంది, ఆ పలుకులు వలని ఎక్కడికక్కడ తెంపుతుంటాయి. పైగా మన చక్కీ మర రాళ్ళ మధ్య పడి స్టార్చ్ బాగా నలుగుతుంది, అందుకే ఆ పిండి నీళ్ళు ఎక్కువ తాగుతుంది. చపాతీలు మెత్తగా రావడానికి అదే కారణం, బ్రెడ్డు బరువుగా రావడానికీ అదే కారణం. కాబట్టి మొదట మైదాతోనే మొదలుపెట్టు. చెయ్యి కుదిరాక నాలుగో వంతు గోధుమపిండి కలుపు, తర్వాత సగం. కలిపే కొద్దీ నీళ్ళు కాస్త పెంచాలి. పూర్తి గోధుమ బ్రెడ్డు మొదటిసారే చేస్తానని పంతం పట్టకు. ఇటుకలు వస్తాయి, ఇంట్లోవాళ్ళు ఏడాది పాటు ఆ మాట ఎత్తుతూనే ఉంటారు. మైదా కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూసి, వంద గ్రాములకి ప్రోటీన్ 10, 11 గ్రాములున్నది ఏరుకో. ఏడెనిమిది ఉన్నవి కేకులకి వాడుకో.

కొలత. చెల్లీ, ఇది ఒక్కటి నా మాట విను, తూకం మెషీన్ కొనుక్కో. పిండిని కప్పులోకి కుదించి పోస్తే ఒక బరువు, వదులుగా పోస్తే ఒక బరువు. ఒకే కప్పు 120 గ్రాములూ తూగుతుంది, 150 గ్రాములూ తూగుతుంది. పప్పుచారులో ఈ తేడా ఎవరికీ పట్టదు. బ్రెడ్డులో 30 గ్రాములంటే పిండి జారుగా ఉండటానికీ, రాయిలా ఉండటానికీ ఉన్న తేడా. బేకరీవాళ్ళ లెక్క చాలా సులువు. పిండి ఎంతైనా దాన్ని 100 అనుకుంటారు, మిగతావన్నీ దానిలో వంతులు. నీళ్ళు 60 నుంచి 65, ఉప్పు 2, ఇన్‌స్టంట్ ఈస్ట్ 1. ఆ లెక్క తెలిస్తే ఏ వంటకం చూసినా అది నిలబడుతుందా లేదా చదవగానే చెప్పేస్తావు.

మొదటి బ్రెడ్డుకి ఇది రాసుకో. మైదా 300 గ్రాములు. పాలూ నీళ్ళూ సగం సగం కలిపి 185 గ్రాములు. ఉప్పు 6 గ్రాములు, అంటే చిన్న చెంచాడు. పంచదార ఒక పెద్ద చెంచా. ఈస్ట్ 3 గ్రాములు, చిన్న చెంచాడు. వెన్న 20 గ్రాములు, అది చివర్లో. వెన్న లేకపోతే నూనె అయినా పర్వాలేదు. ఉప్పు మరిచిపోతే రుచి ఒక్కటే కాదు పోయేది. పిండికి బిగువు ఉండదు, ఈస్ట్‌కి కళ్ళెం ఉండదు, విపరీతంగా పొంగి చతికిలపడుతుంది.

గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టు. వెన్న తప్ప మిగతావన్నీ గిన్నెలో కలిపితే మొదట అంతా గతుకులుగా, తడిపొడిగా ఉంటుంది. వేళ్ళ సందుల్లో అతుక్కుంటుంది, గోళ్ళలో దూరుతుంది. సరిగ్గా ఇక్కడే మన చెయ్యి అలవాటుగా పొడిపిండి డబ్బా వైపు వెళ్తుంది, చపాతీ పిండికి చల్లినట్టు చల్లేద్దామని. ఆపు. చల్లకు. మూత పెట్టి ఇరవై నిమిషాలు వదిలెయ్. వచ్చి చూస్తే అదే పిండి నీ చెయ్యి పడకుండానే సగం నునుపు తేలి ఉంటుంది. నీళ్ళు పిండిలోకి ఇంకడానికి టైము కావాలి, అంతే. ఇప్పుడు గట్టు మీద వేసి, అరచేతి మడమతో ముందుకి తొయ్యి, వెనక్కి మడుచు, కాస్త తిప్పు, మళ్ళీ తొయ్యి. అయిదు నిమిషాలకి పైపొర ఇంకా చిట్లుతూ ఉంటుంది. ఎనిమిదో నిమిషానికి తోస్తుంటే పిండి ఎదురు తిరుగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. అప్పుడు వెన్న వెయ్యి. వెయ్యగానే అంతా జారుడైపోయి, పిండి ముక్కలు ముక్కలుగా విడిపోయి, పాడైపోయిందే అనిపిస్తుంది. కంగారు పడకు, పిసుకుతూనే ఉండు. రెండు మూడు నిమిషాల్లో ఆ వెన్నంతా తాగేసి, గట్టుకి అంటకుండా, మెరుస్తూ ఒక్క ముద్దగా తయారవుతుంది. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్ళతో నెమ్మదిగా నాలుగువైపులా సాగదియ్యి. చిరక్కుండా పల్చటి పొరై, కిటికీ వైపు పెట్టి చూస్తే వెలుతురు కనపడితే పిసకడం అయిపోయినట్టు. చిరిగితే ఇంకో మూడు నిమిషాలు. చేతులు నొప్పెడతాయి, నిజమే. మొదట్లో ఎవరికైనా అంతే.

గిన్నెకి నూనె రాసి ముద్ద అందులో వేసి, తడిగుడ్డ కప్పు. రెట్టింపు అయ్యేదాకా ఆగాలి. ఎంతసేపు అని అడగవు కదా ఇక. 30 డిగ్రీల దగ్గర గంట, గంటంపావు. ఎండాకాలంలో ముప్పావుగంటకే తొంగి చూడు. వేలికి పిండి అద్దుకుని ముద్దలో ఒక గుంట పెట్టు. గుంట వెంటనే పూడిపోతే ఇంకా టైముంది. మెల్లగా సగం పూడి ఆగితే సరైన అదును. పూడకుండా అలాగే ఉండి, చుట్టూ పిండి కూడా కుంగితే ఎక్కువైంది. అలా అయినా పారెయ్యాల్సిన పని లేదు, గాలి నొక్కి మళ్ళీ ముద్ద చేసి ఇంకోసారి పొంగనివ్వు. ఒకసారి అయితే అది తట్టుకుంటుంది.

ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి ఒక చిట్కా. రాత్రి వంటైపోయాక పిండి పిసికి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టెయ్. చల్లదనానికి ఈస్ట్ నిదానంగా పనిచేస్తూ తెల్లారేసరికి పొంగి ఉంటుంది. ఈ పద్ధతిలో రుచి ఇంకా బాగుంటుంది కూడా, మెల్లగా పులిస్తే వాసనలు పుట్టడానికి టైము దొరుకుతుంది. ఎండాకాలంలో నేనైతే ఇదొక్కటే చేస్తాను.

పొంగిన పిండిని నొక్కి, టిన్ను వెడల్పున పరిచి, గాలి లేకుండా గట్టిగా చుట్టి, అతుకు అడుగుకి వచ్చేలా టిన్నులో పెట్టు. ఎనిమిదంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు టిన్ను ఈ కొలతకి సరిపోతుంది. రెండోసారి మళ్ళీ పొంగాలి. అంచు దాటి వేలి మందం పైకి వచ్చిందంటే ఓవెన్‌కి వేళయినట్టు.

ఇప్పుడు అడుగు ఓవెన్ గురించి. ఓటీజీ, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు పెట్టె, ఒకటి ఉంటే చాలు, ఖరీదైనదే కావాలని లేదు. కొనేముందు వంటింట్లో ప్లగ్గు చూసుకో. పాతిక, ముప్పై లీటర్ల ఓటీజీ 1500 వాట్ల దాకా లాగుతుంది. మిక్సీకి వాడే చిన్న ప్లగ్గుకి అది భారం, గీజర్‌కి పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. ఇంట్లో ఉన్న మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ మోడ్ ఉంటే దానిలోనూ అవుతుంది, ఇనుప టిన్ను ఆ మోడ్‌లోనే పెట్టు. ఒట్టి మైక్రోవేవ్‌లో మాత్రం బ్రెడ్డు ఎర్రబడదు, పాలిపోయి రబ్బరులా వస్తుంది. ఏ ఓవెనూ లేదంటే ఇదే పిండిని చిన్న బన్నులు చేసి, మందపాటి పెనం మీద మూతపెట్టి, సన్నసెగన రెండువైపులా కాల్చుకో. అవీ బావుంటాయి.

ఓవెన్‌ని 190 డిగ్రీలకి పెట్టి పావుగంట ముందే వేడిచెయ్యి. టిన్ను కింది అరలో పెట్టు. మొదటి పది నిమిషాల్లోనే బ్రెడ్డు ఆఖరిసారి ఎగుస్తుంది. వేడికి ఈస్ట్ ఒక్క ఊపున పనిచేసి, ఆ తర్వాత 60 డిగ్రీల దగ్గర చచ్చిపోతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది, స్టార్చ్ గట్టిపడి ఆ ఆకారాన్ని నిలబెడుతుంది. అంచేత మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు తలుపు తెరిచి చూడాలనే సరదా చంపుకో. పైన త్వరగా ఎర్రబడితే ఫాయిల్ కప్పు. ముప్పై, ముప్పై అయిదు నిమిషాలకి తీసి, టిన్నులోంచి దులిపి, బ్రెడ్డు అడుగున వేళ్ళ కణుపులతో కొట్టి చూడు. డొల్లగా మోగాలి. మొద్దుగా వినపడితే టిన్ను లేకుండానే ఇంకో అయిదు నిమిషాలు లోపల పెట్టు. థర్మామీటర్ ఉంటే మరీ మంచిది, నడుమ 93 డిగ్రీలు దాటితే కాలినట్టే.

వెంటనే కొయ్యకు. ఇల్లంతా ఆ వాసన కమ్ముకుని, పిల్లలు చాకు పట్టుకుని నిలబడి ఉంటారు, అయినా సరే గంట ఆగాలి. లోపల ఆవిరి ఇంకా కదులుతూ ఉంటుంది, స్టార్చ్ ఇంకా సర్దుకుంటూ ఉంటుంది. వేడి మీద కోస్తే చాకుకి ముద్ద అంటుకుంటుంది, సరిగ్గా కాలిందే పచ్చిగా ఉందనిపిస్తుంది.

దుకాణం బ్రెడ్డులో ఉన్నంత నురగలాంటి మెత్తదనం దీనిలో ఉండదు, ముందే చెప్తున్నా. మన చిన్నప్పుడు బ్రెడ్డంటే జ్వరం తిండి. ఒళ్ళు కాలితే పాలలో ముంచిన బ్రెడ్డు, ఆసుపత్రికి చూడ్డానికి వచ్చినవాళ్ళ చేతిలో బ్రెడ్డు, యాపిల్ పళ్ళు. అందుకే మన నాలుకకి బ్రెడ్డంటే పళ్ళు లేకపోయినా మింగేది. హైదరాబాదువాళ్ళు నయం, ఇరానీ హోటళ్ళ దయవల్ల బన్ మస్కా, పావ్ రుచులు వాళ్ళకి ఎప్పట్నించో తెలుసు. ఇంట్లో చేసిన దాన్ని నమిలి తినాలి, అంచు కరకరలాడుతుంది. మొదటిసారి "గట్టిగా ఉందే" అని వంక పెట్టేవాళ్ళుంటారు. వాళ్ళకి వెన్న రాసి పెనం మీద కాల్చి ఇవ్వు, నోరు మూతపడుతుంది.

ఆరోగ్యం సంగతి. 2016లో బ్రెడ్లలో పొటాషియం బ్రోమేట్ అనే రసాయనం ఉందని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు బయటపెట్టాక, ఆ ఏడాదే ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని నిషేధించింది. అప్పట్నించి చాలామంది ఇంటి బ్రెడ్డు అంటున్నారు. బానే ఉంది, ఇంట్లో చేస్తే ఏం వేశావో నీకు తెలుస్తుంది. బ్రౌన్ బ్రెడ్డని కొన్నవాటిలో కొన్నిటికి ఆ రంగు కారమెల్‌తో వచ్చిందే, ప్యాకెట్ వెనక సన్నక్షరాల్లో చదువుకోవచ్చు. కానీ మైదా ఎక్కడ కాల్చినా మైదాయే. ఇంట్లో చేశాం కదా అని నాలుగు ముక్కలు ఎక్కువ తినమని ఎవరూ చెప్పలేదు. డబ్బు కలిసొస్తుందనీ చేయకు, కరెంటు, వెన్న లెక్కేస్తే పెద్దగా ఏమీ మిగలదు. ఆ పిండి చేతికింద మారడం చూడటం ఇష్టమైతే చెయ్యి. ఆ ఇష్టం లేకపోతే, నిజం చెప్తున్నా, బజారు బ్రెడ్డు కొనుక్కో, తప్పేం లేదు.

సావర్‌డో, అంటే ఈస్ట్ ప్యాకెట్టు లేకుండా పులిసిన పిండితోనే చేసే బ్రెడ్డు, ఎప్పుడు నేర్పుతావని కూడా అడుగుతున్నారు. ఇప్పుడు కాదు. ఈస్ట్ ప్యాకెట్టుతో పిండి అదును తెలిసేదాకా దాని జోలికి పోకు. స్టార్టర్ అనే ఆ పులిసిన పిండికి రోజూ పిండి, నీళ్ళు పెట్టి సాకాలి. మన ఎండలకి ఆ స్టార్టర్ పూటకోరకంగా ప్రవర్తిస్తుంది, ఏది దాని తప్పో ఏది నీ తప్పో తేలదు.

మిగిలిన బ్రెడ్డుని ఫ్రిజ్‌లో పెట్టకు. ఆ చల్లదనానికి స్టార్చ్ బిగుసుకుని బయటకన్నా త్వరగా గట్టిపడిపోతుంది. రెండు రోజులకి సరిపడా గుడ్డలో చుట్టి డబ్బాలో ఉంచి, మిగతాది ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టు. కావలసినప్పుడు గడ్డకట్టిన ముక్కనే తీసి నేరుగా పెనం మీద వేసుకోవచ్చు. వానాకాలంలో బయట ఉంచినవి రోజూ చూసుకో, మందులేవీ వేయలేదు కాబట్టి బూజు త్వరగా పడుతుంది. మూడోరోజుకి గట్టిపడ్డ ముక్కలుంటే డబుల్ కా మీఠా చెయ్యి, అంచులు తీసి నేతిలో వేయించి, పాలు, పాకం పోసి. దానికి మాత్రం తాజా బ్రెడ్డు తీయకు. నేతిలో పడగానే విరిగిపోతుంది, పైగా గిన్నెలో నెయ్యంతా తాగేస్తుంది.